ఫ్యూజులు ఇయ్యని పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా గల్లీలో కరెంటు పోతే ముందుగా తిట్లు పడేది మా మామకే. ఆయన మా అమ్మకు తమ్ముడు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. పెళ్లి కాలేదు గనక మా ఇంట్లోనే ఉండేవాడు. గాలి వీచినా, నాలుగు చినుకులు పడ్డా జనం మా గడప ముందుకొచ్చి నిలబడేవాళ్లు. అన్నం ముందు కూర్చున్న మనిషిని చెయ్యి కడుక్కోనిచ్చేవాళ్లు కాదు. కరెంటు వచ్చిన మరుక్షణం ఆయన ఎవరికీ గుర్తుండేవాడు కాదు.

నాకు మాత్రం మా మామే హీరో. నడుముకు తాడు చుట్టుకుని, భుజాన సంచి వేసుకుని స్తంభం ఎక్కుతుంటే కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూసేదాన్ని. బళ్లో తోటి పిల్లలు సినిమా హీరోల గురించి పోట్లాడుకుంటుంటే, మా మామను మించినవాడు లేడని నేను వాదించేదాన్ని. పదేళ్ల పిల్లకు హీరో అంటే అంతే. అందరికన్నా ఎత్తులో ఉండాలి, అందరూ తలెత్తి చూడాలి.

అవి మెదక్‌లోకి కలర్ టీవీలు కొత్తగా వస్తున్న రోజులు. బజారుకు పోయిన ప్రతిసారీ దుకాణాల్లో పేరు తెలియని కొత్త వస్తువేదో వేలాడుతూ కనిపించేది. పెద్దవాళ్లకు కూడా అవన్నీ చూసి కాళ్లు నిలిచేవి కావు. మా గల్లీకి మొదటి కలర్ టీవీ తెచ్చింది పటేలింటివాళ్లు. వాళ్లకు హవేలిఘనపూర్ వైపు వరి పొలాలుండేవి. పెద్దకొడుకు అప్పుడే బియ్యం వ్యాపారంలోకి దిగి కొత్త మోటారు సైకిలు కొన్నాడు. అందరూ ఆయనను చిన్న పటేల్ అనేవాళ్లు. ఆదివారం పొద్దున టీవీలో పురాణం సీరియల్ వచ్చే వేళకు వాళ్ల హాలు తలుపులు గల్లీ మొత్తానికి తెరిచి ఉండేవి. గడప ముందు చెప్పులు కుప్ప పడేవి. రథాలు, బాణాలు, మెరిసే కిరీటాలు చూసి ఇంటికి తిరిగి వచ్చాక కూడా మాకు నిద్రలో శంఖాలు వినబడేవి.

గల్లీ మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. దాని పక్కనే ఇస్త్రీ పెద్దమ్మ బండి. అసలు పేరు ఏమిటో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి బట్టలు రుద్దేది. సన్నగా, నల్లగా, ఎండిన కట్టెలా ఉండేది. మాట మాత్రం గట్టిది.

ఆమెకూ మా మామకూ మధ్య ఒక కట్టుబాటు ఉండేది. మా వైపు తీగల మీద పని ఉన్నప్పుడు మామ ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వచ్చి, కింద ఉన్న డబ్బాలోంచి మూడు పింగాణీ ఫ్యూజులు ఊడబీకి ఆమె చేతిలో పెట్టి పోయేవాడు. అవి డబ్బాలో లేకపోతే తీగల్లో కరెంటు ఉండదు. మళ్లీ ఆయనే వచ్చి, ఆమె చేతిలోంచే తీసుకుని, తానే పెట్టేవాడు. ఇంకెవరు అడిగినా ఆమె ఇవ్వకూడదు. సంచిలో వేసుకుని పోవచ్చు కదా మామా అని ఒకసారి అడిగితే ఆయన నవ్వలేదు. మా ఊళ్లో ఫ్యూజు లేకపోతే ఆగే జనం లేరని చెప్పాడు. చేతికి దొరికిన బైండింగ్ వైరు ముక్క మెలిపెట్టి డబ్బాలో నేరుగా తగిలించేస్తారట. తనతో పాటు ఉద్యోగంలో చేరిన ఒకాయనకు అట్లాగే మోచెయ్యి దాకా పోయిందట. అందుకే ఫ్యూజులు జేబులో ఉంటే చాలదు, డబ్బా దగ్గర ఒక మనిషి ఉండాలి అన్నాడు.

ఒక శనివారం సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. మా వెనక గల్లీలో వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది. రాత్రంతా ఉక్కపోత. తెల్లారేసరికి మనుషులందరూ నిద్ర చాలక చిర్రుబుర్రులాడుతున్నారు. పైగా ఆదివారం. పైగా ఆ వారం సీరియల్‌లో యుద్ధం మొదలవుతుందని పోయిన వారమే చూపించారు. ఎనిమిదిన్నరకే జనం పటేలింటి ముందు చేరారు. టీవీ చీకటిగా ఉంది. పిల్లలం లోపలికీ బయటికీ తిరుగుతున్నాం. పెద్దవాళ్లు గడియారం చూస్తున్నారు, విసనకర్రలు ఊపుతున్నారు, మా మామను తిడుతున్నారు. ఆయన పొద్దున్నే ఫ్యూజులు పెద్దమ్మ చేతిలో పెట్టి వెనక గల్లీకి పోయాడు. చర్చి గంట వినిపించింది. తొమ్మిదికి ఇంకా ఎంతో లేదు.

పని ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని నన్ను ఎవరూ పంపలేదు. నాకే కాలు నిలవలేదు. పరుగెత్తి వెనక గల్లీకి పోయాను. మామ స్తంభం మీద ఉన్నాడు. నేను చూస్తుండగానే దిగాడు. తాడు విప్పి, నిచ్చెనకు ఆనుకుని కూర్చుని, ఎవరో ఇచ్చిన చెంబులోని నీళ్లు గటగటా తాగాడు. అంతే చూశాను. ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే వేరే సంగతి తెలిసేది. కానీ ఆ వార్త అందరికన్నా ముందు నేనే చెప్పాలి. చెప్పులు ఎక్కడో ఊడిపోయినా ఆగకుండా వెనక్కి పరుగెత్తి, పటేలింటి ముందు నిలబడి గొంతు చించుకుని అరిచాను.

"మామ దిగిండు! మామ దిగిండు!"

ఒక్కసారి హో అని కేకలు. ఇంతసేపు తిట్టినవాళ్లే నన్ను ఎత్తుకున్నంత పని చేశారు. పది నిమిషాలు గడిచాయి. మామ రాలేదు. కల్లు దుకాణం వైపు పోయి ఉంటాడని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. చిన్న పటేల్ లేచాడు. ఆయన వెనక పదిహేను మంది దాకా లేచారు. నేను కూడా వాళ్ల ముందు గెంతుతూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయాను.

ఇస్త్రీ పెద్దమ్మ తెల్లటి పంచె మీద నీళ్లు చల్లుతోంది.

"ఫ్యూజులు తే పెద్దమ్మా. పని అయిపోయింది" అన్నాడు చిన్న పటేల్.

"ఆయన వస్తే ఇస్త పటేలా."

"దిగిండంట గదా. గిదో, మేనకోడలే చెప్తుంది."

పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె చేతిలో పట్టుకునే నా వైపు చూసింది.

"దిగంగ చూసినవా బిడ్డా?"

"చూసిన."

"మళ్ల ఎక్కలేదని చూసినవా?"

నేను వెనక గల్లీ వైపు చూశాను. చిన్న పటేల్‌కు చిరాకు పుట్టింది.

"పొల్ల అబద్ధం ఆడుతదా? సొంత మామ గురించి!"

"అబద్ధం అంటలేను పటేలా. మామ అయితేంది, మంత్రి అయితేంది. నా చేతుల పెట్టినోడు నా చేతులకెల్లే తీసుకోవాలె. గదే మా మాట."

గుంపులోంచి ఒకతను, ఈమెకు టీవీ లేదు, బొగ్గుల పెట్టె ఉంది, ఈమెకు కరెంటుతో ఏం పని అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"నిజమే బిడ్డా. నా బొగ్గుల కోసం ఎవ్వడూ కంబం ఎక్కే పని లేదు."

ఆ మాటకు కొందరు ఇంకోసారి నవ్వారు, కొందరు మాత్రం నవ్వడం మానేశారు. ఆమె నన్ను అడిగిన ప్రశ్న గుచ్చుకుంటూనే ఉంది. గుంపులోంచి జారుకుని మళ్లీ వెనక గల్లీకి పరుగెత్తాను.

మామ రెండో స్తంభం మీద ఉన్నాడు. వేపకొమ్మ ఒకచోట కాదు, రెండు చోట్ల తీగను తెంపింది. మొదటిది కలిపి, దిగి, నీళ్లు తాగి, మళ్లీ ఎక్కాడు. తెగిన తీగ ఒక కొస చంకలో ఇరికించుకుని, రెండో కొసను రెండు చేతులతో మెలిపెడుతున్నాడు. చేతులకు తొడుగులు లేవు. ఎండకు చెమట ముఖం మీదుగా కారుతుంటే భుజానికి తుడుచుకుంటున్నాడు. నేను కింద నిలబడి నోరు తెరిచాను. పిలిస్తే ఉలిక్కిపడి పడిపోతాడేమో. పిలవకపోతే ఏమవుతుందో. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాళ్లు మాత్రం వాటంతట అవే వెనక్కి తిరిగాయి.

నేను వచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పరిస్థితి మారిపోయింది. ఒకతను ఎక్కడినుంచో బైండింగ్ వైరు తెచ్చాడు. పెద్దమ్మ బండి వదిలేసి, తలుపు ఊడిన ఫ్యూజు డబ్బాకు వీపు ఆనించి నిలబడి ఉంది. చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఉంది. బెదిరించడానికి పట్టుకుందో, కింద పెట్టడం మరిచిపోయిందో ఈ రోజుకూ నాకు తెలియదు. బండి పక్కకు ఒరిగి ఉంది. మడత పెట్టిన బట్టలన్నీ నిన్నటి వాన బురదలో పడి ఉన్నాయి. వాటిలో పటేలింటి పంచెలే ఎక్కువ.

"మామ మళ్ల ఎక్కిండు! రెండో కంబం మీదున్నడు!" అని అరిచాను.

నన్ను ఎవరూ పట్టించుకోలేదు. ఒకాయన వెనక్కి తిరిగి, "ఇప్పుడే దిగిండంటివి, ఇప్పుడే ఎక్కిండంటవు. ఆటలాడుతున్నవా?" అని కసిరాడు. మళ్లీ అరిచాను. ఏడుస్తూ అరిచాను. మొదటి మాటకు గల్లీ మొత్తం లేచింది. రెండో మాటకు ఒక్క తల తిరగలేదు. తరవాత పాతికేళ్లు వార్తలు రాసిన ఉద్యోగంలో ఈ సంగతి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ మొదటిసారి చూసింది అక్కడ, చెప్పుల్లేని కాళ్లతో.

విన్నది పెద్దమ్మ ఒక్కతే. ఫ్యూజులున్న కొంగు మడతను ఒక చేత్తో బిగించుకుంది. చిన్న పటేల్ ముందుకు వచ్చి, పక్కకు జరగకపోతే రేపటి నుంచి మా ఇంటి బట్టలు నీకు బంద్ అన్నాడు. ఆ గల్లీలో ఆమెకు సగం పని ఆ ఇంటిదే. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు, చుట్టూ నిలబడ్డ అందరికీ తెలుసు.

అప్పుడు ఆమె గొంతు పెంచకుండా, దండం పెట్టినంత మర్యాదగా అంది.

"మంచిది పటేలా. జరుగుత. నాదొక్క మాట వినుండ్రి. మీరు మీ బండి మీద జర వెనక గల్లీకి పోండ్రి. నిచ్చెనెక్కుండ్రి, ఆయన చేతుల తీగ ఉంటది. దాన్ని మీ చేత్తో పట్టుకుని నిలబడుండ్రి. నిలబడ్డంక కేకెయ్యుండ్రి. గప్పుడు ఈ ఫ్యూజులు నేనే ఈ పొల్లతోని పెట్టిస్త. ఆయన దిగిండంటే మీకేమైతది? ఏం గాదు."

చిన్న పటేల్ కదల్లేదు. ఆమె వైరు తెచ్చిన అతని వైపు తిరిగింది.

"నువ్వు పోతవా బిడ్డా? పోనీ, నవ్వినోళ్లల్ల ఎవరన్న పోతరా?"

ఎవరూ పోలేదు. పోయి చూసి వద్దామని కూడా ఎవరూ అనలేదు. అంత సేపూ వాళ్లకు ఉన్నది తీగ మాత్రమే. దాని కొసన చెయ్యి ఉందని ఆమె చెప్పాక, ఆ చెయ్యి తమదైతే ఎట్లా ఉంటుందో ప్రతి ఒక్కడికీ తెలిసొచ్చింది. వైరు తెచ్చినతను దాన్ని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. తొమ్మిది దాటిపోయింది. అందరూ అక్కడక్కడే తచ్చాడారు తప్ప ఇళ్లకు పోలేదు. ఆమె డబ్బాకు ఆనించిన వీపు తియ్యలేదు.

మామ వచ్చాడు. నిచ్చెన భుజాన పెట్టుకుని, బురదలో బట్టలు చూసి ఆగిపోయాడు. పెద్దమ్మ కొంగు మడతలోంచి ఒకటి, రెండు, మూడు ఫ్యూజులు తీసి ఆయన చేతిలో పెట్టింది. అప్పుడు గానీ ఇస్త్రీ పెట్టె కింద పెట్టలేదు. నువ్వు దిగినవంటేనే వచ్చినం అని గుంపులో ఎవరో గొణిగారు.

"ఎవడన్నడు నేను దిగిన్నని?" మామ గుంపు వైపు చూస్తూ అడిగాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

పది మంది కళ్లు నా మీదికి వచ్చేలోపే పెద్దమ్మ అందుకుంది.

"ఎవరో అన్నరు తియ్యి. గలాటల ఎవ్వలకు యాదికుంటది. ముందుగాల కరెంటియ్యి, వీళ్ల పానాలు పోతున్నయి."

మామ ఫ్యూజులు పెట్టాడు. పటేలింట్లోంచి శంఖాల చప్పుడు వచ్చింది. జనం మా మామ వీపు తట్టి, హీరో హీరో అని అరుస్తూ పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. దాచడానికి ఏముంది, నేనూ పోయి కూర్చున్నాను. తెర మీద బంగారు కవచాల వీరులు ఒకరి మీద ఒకరు బాణాలు వేసుకుంటున్నారు. అందరూ కళ్లార్పకుండా చూస్తున్నారు. నాకు మాత్రం కూర్చున్నచోట కుదురు లేదు. సగంలోనే లేచి బయటికి వచ్చాను.

పెద్దమ్మ నల్లా దగ్గర ఒక్కతే బట్టలు మళ్లీ ఉతుకుతోంది. నేను పోయి పంచె రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పిండాం. నల్లా పక్కన గోడకు ఆనించి ఒక పాత రాయి ఉండేది, దాని మీద కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ. ఆడవాళ్లు దానికి పసుపు రాసేవాళ్లు. ఖిల్లా కాలంనాటి వీరుడని అనేవాళ్లు. ఈయన ఎంతమందిని చంపాడు పెద్దమ్మా అని అడిగాను.

ఆమె రాయి వైపు కొత్తగా చూసినట్టు చూసింది. మా అత్త చెప్పిన ముచ్చట అని మొదలుపెట్టింది. దొంగలు ఊరి పశువులను తోలుకుపోవడానికి వస్తే ఈయన దొడ్డి వాకిట్లో నిలబడ్డాడట. ఎంతమందిని కొట్టాడో, ఎంతమందిని చంపాడో ఆమె అత్తకు తెలియదు. ఆ సాయంత్రం ఏ ఇంటి పశువు ఆ ఇంటికి చేరిందట. ఈయన చేరలేదట. "కత్తి చెక్కింది చెక్కినాయన. ఈయన చేసిందైతే నిలబడుడే" అంది.

కాసేపటికి ధైర్యం చేసి, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీ మాట నీది బిడ్డా. నువ్వు చెప్పుకోవాలె. నేనెట్ల చెప్త?"

అంతే. కొట్టలేదు, తిట్టలేదు, బుద్ధులు చెప్పలేదు. చెప్పాల్సిన మాటను నాకే వదిలేసింది. నేను చెప్పలేదు. ఆ రోజు భయంతో, మర్నాడు సిగ్గుతో, తరవాత అలవాటుతో. గల్లీవాళ్లూ చెప్పలేదు, చెబితే తమ సంగతీ ఎత్తాల్సి వస్తుంది.

చిన్న పటేల్ అన్నంత పనీ చేశాడు. ఆ ఇంటి బట్టలు ఆమెకు మళ్లీ రాలేదు. బండి తోసుకుని చర్చి అవతలి గల్లీలకు పోయి పని వెతుక్కుంది. కొన్నేళ్లకు ఇంటింటికీ కరెంటు ఇస్త్రీ పెట్టెలు వచ్చాయి. ఆ పని కూడా తగ్గింది. అయినా మా మామ పిలిస్తే వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూర్చునేది.

తెలంగాణ కోసం జనం రోడ్డెక్కిన రోజుల్లో నేను మెదక్ నుంచే వార్తలు పంపేదాన్ని. రోడ్ల మీద వంటలు, దీక్షా శిబిరాలు, పాటలు, రోజుకో ఊరేగింపు. ఊళ్లో ఎవరికీ కుదురు లేదు, నాకు అసలే లేదు. మైకు పట్టుకున్నవాళ్ల ఫోటోలు పత్రికలో వచ్చేవి. అవి నేనే పంపేదాన్ని. పంపి వచ్చాక మళ్లీ శిబిరానికి పోయి, మైకు ఆగాక చాపలు మడిచేది ఎవరో, దవాఖానాకు పోయే బండికి గుంపును చీల్చి దారి ఇప్పించింది ఎవరో వెతికేదాన్ని. అప్పటికి పెద్దమ్మ మంచం పట్టింది. నీ గురించి రాస్తాను పెద్దమ్మా అంటే పండ్లు లేని నోటితో నవ్వింది. "ఏమని రాస్తవు? నిలబడ్డదని రాస్తవా?" అంది. అదే రాయాలనుకున్నాను. కానీ రాయాలంటే దిగిండని అరిచింది ఎవరో కూడా రాయాలి. కలం ఆగిపోయింది. ఆ చలికాలమే ఆమె పోయింది.

మామ రిటైరై పదేళ్లు దాటింది. పండగకో పబ్బానికో అందరం కలిస్తే మనవలకు ఈ కథ చెబుతాడు. ప్రతిసారీ, ఎవడో నేను దిగిన్నని చెప్పిండట అనే చోటికి రాగానే నేను మంచినీళ్ల వంకతో లేచిపోయేదాన్ని. మొన్న లేవలేదు. ఆయన చిన్న మనవరాలు, ఎవరన్నరు తాతా అని అడిగింది. తెల్వదు బిడ్డా, పెద్దమ్మ చెప్పనే లేదు అన్నాడు ఆయన.

"నేనే మామా" అన్నాను.

ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. గ్లాసు కింద పెట్టి తన రెండు అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఆమె నన్ను కాపాడిందనే అనుకుంటున్న గిన్నేండ్లు. నిన్ను సుత కాపాడిందన్నట్టు" అన్నాడు. కొంచెం ఆగి, "ఆమె ఉన్నప్పుడు చెప్తే ఇంకో దండం పెట్టొస్తుంటిని గదనే" అన్నాడు.

వీరులెవరని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఆ డబ్బాకు ఆనించిన వీపు గురించే. కానీ నేను మోస్తున్నది అది కాదు. మా మామ పెట్టాల్సిన ఆ దండం. నా వల్ల అది ఆమెకు అందలేదు, ఇక అందదు.